పధ్నాలుగు మంది నర్సుల డ్రైవరు

చాంద్ బాషా గారికి మా డ్యూటీలు మాకంటే బాగా తెలుసు. ఎవరికి నైటు, ఎవరికి ఆఫ్, ఎవరు డబుల్ డ్యూటీ చేసి కాళ్ళీడ్చుకుంటూ వస్తారు, ఎవరు జడ వేసుకుంటూనే హాస్టల్ మెట్లు దిగి పరిగెత్తుకొస్తారు, అన్నీ ఆయన నాలుక మీదే ఉండేవి. సౌదీలోని యాన్బులో మా ప్రైవేటు ఆసుపత్రికీ మా హాస్టల్‌కీ మధ్య ఇరవై నిమిషాల దారి. ఆ దారిలో పదకొండేళ్ళు మమ్మల్ని వ్యానులో తిప్పారు. మేమంతా నరసాపురం, పాలకొల్లు, కాకినాడ వైపు వాళ్ళం. ఆయనది రాయచోటి పక్కన పల్లె. మా అందరినీ "సిస్టరమ్మా" అనే పిలిచేవారు. పేరు పెట్టి పిలవడం మర్యాద కాదని ఆయన లెక్క.

ఆయన గురించి చెప్పమంటే మంచివాడు, నెమ్మదస్తుడు అని రెండు ముక్కలు చెప్పి ఊరుకోవచ్చు. మా వాళ్ళు అలాగే చెబుతారు. నాకు అలా చెప్పాలని లేదు. నాకు ఆయన మీద కోపం. ఆయన్ని పనిలో పెట్టుకున్న ట్రాన్స్‌పోర్టు కంపెనీ మీద ఇంకా కోపం. అన్నిటికంటే ఎక్కువ కోపం మా మీద, మేం వేసుకు తిరిగే తెల్ల యూనిఫారం మీద.

సంగతేమిటంటే, ఆయనకు మలబద్ధకం. నిన్నా మొన్నటిది కాదు, ఇరవై ఏళ్ళది. దీని గురించి ఎవరైనా కథ చెబుతారా అని మీరు నవ్వితే నవ్వండి. మేమూ ఇలాగే నవ్వే రకం కాబట్టే ఆయన మాకు చెప్పలేదు.

ఆయన రోజు ఎలా గడిచేదో మాకు కళ్ళెదురుగానే ఉండేది. తెల్లారగట్ల ఐదింటికి వ్యాను హాస్టల్ ముందు ఉండాలి. మమ్మల్ని దింపి, నైటు వాళ్ళను ఎక్కించుకుని వెళ్ళి, మళ్ళీ క్లినిక్ వాళ్ళ కోసం రావాలి. మధ్యలో ఎండలో కాచుకుని కూర్చోవాలి. ఆసుపత్రి లోపల టాయిలెట్‌కి బయటి డ్రైవర్లను సెక్యూరిటీ వాళ్ళు రానివ్వరు. పక్కనే మసీదు ఉంది గానీ, నమాజు అయిన కాసేపటికి అక్కడి టాయిలెట్లకు తాళం పడుతుంది. ఇక తిండి అంటారా, పొద్దున ఒక ఖుబ్బూస్ రొట్టె, టీ. మధ్యాహ్నం ఇంకో ఖుబ్బూస్ రొట్టె, టీ. ఒకసారి మే నెలలో నేను నీళ్ళ సీసా ఇస్తే చేత్తోనే తోసేశారు.

"వద్దు సిస్టరమ్మా. నీళ్ళు తాగితే దిగాల. దిగితే యాడికి పోవాల?"

వ్యానంతా గొల్లున నవ్వింది. నేనూ నవ్వాను. ఆ మాట ఆసుపత్రి మంచం మీద పడుకున్న మనిషి అని ఉంటే వెంటనే ఛార్టు తీసి రాసుకునేదాన్ని. మాకు ప్రతి పేషెంటుకూ రోజూ నింపాల్సిన గడి ఒకటి ఉంటుంది: ఇవాళ విరేచనం అయిందా, లేదా. రెండు రోజులు 'లేదు' అని పడితే మూడో రోజు డాక్టరుకు చెప్పాలి. పదేళ్ళలో ఎన్ని వేల గడులు నింపానో. స్టీరింగు ముందు కూర్చున్న మనిషికి మాత్రం ఆ గడి లేదు. దీపం కిందే చీకటి అంటారే, ఆ చీకట్లో ఆయన పదకొండేళ్ళు కూర్చున్నారు.

మరి ఇన్నేళ్ళు ఎలా నెట్టుకొచ్చారంటే, సనామక్కీతో. మన దగ్గర నేలతంగేడు, సునాముఖి అంటామే, ఆ ఆకే. ఇక్కడ మూలికల కొట్లలో పొట్లాలు కట్టి అమ్ముతారు. గురువారం సాయంత్రం డ్యూటీ దిగగానే గుప్పెడు ఆకు, ఇంత శొంఠి వేసి మరిగించి తాగేవారు. శుక్రవారం ఆయనకు సెలవు. పొద్దుటి నుంచి మధ్యాహ్నం నమాజు దాకా గదికీ బాత్రూముకీ మధ్యే తిరుగుతూ వారానికి సరిపడా ఒకేసారి కానిచ్చుకునేవారు. పెద్దలు చెప్పిన మందు, మక్కా పేరున్న ఆకు, కీడు చేస్తుందా అని ఆయన ధీమా. మొదట్లో చిటికెడు చాలేదట, తర్వాత గుప్పెడు, ఆ తర్వాత రెండు గుప్పెళ్ళు. చివరికి ఆ ఆకు పడితే తప్ప పేగు కదలడం మానేసింది. ఇదంతా మాకు తర్వాత తెలిసింది. అప్పట్లో మాకు తెలిసింది ఒక్కటే, శుక్రవారం బాషా గారు ఫోనెత్తరు.

ఆ ఏడు, అంటే రెండు వేల పద్దెనిమిదిలో, లెవీలు పెరిగాయి. బయటి దేశం మనిషి ఒక్కొక్కరి మీదా కంపెనీ నెలనెలా కట్టాల్సిన పన్ను అది. కంపెనీలకు సర్కారు రంగులిచ్చే నితాఖత్ లెక్కలో ఆయన కంపెనీది అప్పటికే పసుపు. సౌదీ వాళ్ళను చాలినంత మందిని పెట్టుకోలేదు కాబట్టి ఎరుపులోకి జారింది. ఎరుపంటే ఎవరికీ ఇఖామా, అంటే ఇక్కడ ఉండనిచ్చే కార్డు, రెన్యూ కాదు. ముగ్గురు డ్రైవర్లలో ఇద్దరిని ఎగ్జిట్ వీసా కొట్టించి ఇంటికి పంపేశారు. మిగిలింది ఈయనొక్కరే. ఆయన ఇఖామా గడువు కూడా ఏప్రిల్‌లో అయిపోయింది. దానితో పాటే ఇన్సూరెన్సూ పోయింది. ముగ్గురు మనుషుల పని, కాగితం లేని ఒక్క మనిషి.

శుక్రవారం సెలవు కూడా పోయింది. ఇక్కడే ఉంది అసలు చిక్కు. సనామక్కీ తాగితే ఆరుసార్లు పరిగెత్తాలి. పధ్నాలుగు మంది నర్సుల్ని కూర్చోబెట్టుకుని రోడ్డు మీద ఉన్న మనిషి ఎక్కడికి పరిగెత్తుతాడు? అందుకని ఆకు మానేశారు. ఆకు మానేస్తే పేగు ఆగిపోయింది.

సెలవు అడగొచ్చు కదా, మాకు చెప్పొచ్చు కదా అంటే, దానికీ ఒక కారణం ఉంది. మా ఆసుపత్రి తన సొంత డ్రైవరుగా ఆయన్ని తీసుకుంటానని మాటిచ్చింది. కంపెనీ ఎరుపులో ఉంటే పాత కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, సంతకం లేకుండానే కొత్త చోటికి మారిపోవచ్చు. ఆ మార్పిడే నకల్ కఫాలా. ఫైలు ఆఫీసులో ఉంది. మెడికల్ పరీక్ష ఒక్కటే మిగిలింది. అది ఈ వారం, పై వారం అంటూ జరుపుతున్నారు. యాభై రెండేళ్ళ డ్రైవరు జబ్బు మనిషని ఒక్క మాట ఆఫీసులో పడితే ఆ ఫైలు అక్కడే ఆగిపోతుంది. తిరిగి పోతే ఇంటి దగ్గర ఆ వయసులో పని ఎవరిస్తారు? ఆయన కూతురు ఆసిఫా కడపలో నర్సింగ్ చదువుతోంది, ఇంకో ఏడాది ఉంది.

"మీ మాదిరే తెల్లగుడ్డలు ఏసుకుంటాది సిస్టరమ్మా. ఆ నకల్ కఫాలా ఒక్కటి అయిపోతే నాకింకేం వద్దు," అనేవారు.

ఆ ఒక్కటీ అయ్యేదాకా ఒళ్ళు దాచుకోవాలి. అదీ ఆయన పట్టుదల.

ఆగస్టులో వ్యాను నిండా అత్తరు వాసన మొదలైంది. ఊద్ స్ప్రే, సీటు మీద కొత్త తువ్వాలు, దాని కింద ప్లాస్టిక్ కాగితం. మాకు సరదా. ఆ వేసవిలోనే ఇక్కడ ఆడవాళ్ళకు డ్రైవింగ్ లైసెన్సులు ఇవ్వడం మొదలుపెట్టారు. మేం బండి నేర్చుకుంటే తన ఉద్యోగం పోతుందని బాషా గారు మమ్మల్ని అత్తరుతో బుట్టలో వేసుకుంటున్నారని ఏడిపించాం. పెళ్ళికొడుకు అన్నాం. ఆయన అద్దంలోంచి చూసి నవ్వారు. ఆ అత్తరు దేన్ని దాచడానికో మా పధ్నాలుగు ముక్కుల్లో ఒక్కదానికీ తట్టలేదు. రోజూ బెడ్‌పాన్లు మోసే ముక్కులివి!

ఒక సోమవారం పొద్దున్న అందరూ దిగిపోయాక నన్ను ఆపారు. నా వైపు చూడకుండా, స్టీరింగు మీది దుమ్ము తుడుస్తూ మాట్లాడారు.

"సిస్టరమ్మా, కడుపు జారుడుగా ఉండాది. నీళ్ళ మాదిరి పోతాంది. నాలుగు దినాలాయ. కట్టేసే మాత్ర ఏమన్నా ఉంటే ఇయ్యండమ్మా."

మా నర్సుల సంచులన్నీ చిన్న మందుల కొట్లే. హాస్టల్ వంటమనిషికి తలనొప్పి మాత్ర, వాచ్‌మన్‌కి కంటి చుక్కలు, డ్రైవరుకి నొప్పుల పూత, నడుస్తూ నడుస్తూ ఇచ్చేస్తాం. ఇన్సూరెన్సు లేనివాళ్ళకు అదే ఆసుపత్రి, అదే సాయం. అలా ఇవ్వడం మాకు గొప్పగా కూడా ఉంటుంది. నేను సంచిలోంచి విరేచనాలు కట్టే మాత్రల షీటు తీసి ఆయన చేతిలో పెట్టాను.

"ఇప్పుడు రెండు వేసుకోండి బాషా గారూ. ఆనక వెళ్ళినప్పుడల్లా ఒకటి. బయట ఏం తిన్నారేంటి? ఆ కొట్లో మాంసం తినొద్దని చెప్పానా లేదా?"

గట్టిగా అయి ఎన్నాళ్ళైందని అడగలేదు. అంతకుముందు ఎలా ఉండేదనీ అడగలేదు. కడుపు మీద చెయ్యి వేసి చూడలేదు. నాకు పంచింగ్ మెషీన్ దగ్గర రెండు నిమిషాలు ఆలస్యమవుతోంది. గురువారం ఇంకో షీటు అడిగారు. అదీ ఇచ్చాను. తగ్గలేదా అంటే, "తగ్గతాందమ్మా, శానా మేలు," అన్నారు.

నర్సింగ్ మొదటి ఏడాదిలోనే చెబుతారు. లోపల మలం రాయిలా అడ్డుపడితే, దాని పక్కల నుంచి నీళ్ళలాంటిది కారుతుంది. చూసేవాళ్ళకు విరేచనాలనిపిస్తుంది. అక్కడ కట్టే మందు ఇవ్వడమంటే మూసుకుపోయిన తూముకు ఇంకో బిరడా కొట్టడమే. ఈ పాఠం పరీక్షలో రాశాను, మార్కులూ తెచ్చుకున్నాను. స్టీరింగు తుడుస్తూ అడిగిన మనిషికి మాత్రం ఎదురు మందు ఇచ్చాను.

శనివారానికి ఆయన సీటు వెనక్కి జరిగింది. పొట్ట స్టీరింగుకు తగులుతోంది. చూశాను. లావెక్కారనుకున్నాను. ఖుబ్బూస్ రొట్టె, టీ మీద బతికే మనిషి వారంలో లావెలా ఎక్కుతాడో మాత్రం అనుకోలేదు.

ఆదివారం పొద్దున్న ఎప్పటిలాగే వ్యాను తెచ్చి గేటు ముందు, గీతల మధ్యలో సరిగ్గా ఆపారు. తలుపు తీసి పట్టుకున్నారు. అందరూ దిగేదాకా నిలబడి, ఆ తర్వాత వ్యాను మెట్టు మీద కూలబడిపోయారు. చివర దిగింది నేనే. ముఖం బూడిద రంగు, చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయింది.

"ఏంటండీ బాషా గారూ, ఏమైంది?"

"గ్యాసమ్మా. మీరు డ్యూటీకి పోండి, లేటైతాది."

అడక్కుండా పొట్ట మీద చెయ్యి వేశాను. చెక్కలా ఉంది. వేలు ఆనిస్తేనే ఆయన పళ్ళు బిగబట్టారు. చక్రాల కుర్చీ తెచ్చేదాకా కూడా "ఆఫీసోళ్ళు సూస్తారమ్మా, వద్దమ్మా," అంటూనే ఉన్నారు. ఆ ఫైలు మెడికల్ బుధవారానికి ఖాయమైందట. ఇంకా మూడు రోజులు ఓర్చుకుంటే చాలు అనుకుని వ్యాను ఎక్కిన మనిషి ఆయన. చెబితే మానం పోతుంది, చెప్పకపోతే ప్రాణం పోతుంది అని మా అమ్మమ్మ అంటుంటే సామెతే కదా అనుకునేదాన్ని.

రిసెప్షన్‌లో ఇఖామా అడిగారు. గడువు దాటి నాలుగు నెలలు. ఇన్సూరెన్సు లేదు. కంపెనీ నుంచి గ్యారెంటీ కాగితం కావాలన్నారు. కంపెనీ మందూబ్‌కి ఫోన్ చేస్తే మోగుతూనే ఉంది. ఇలాంటి పనులన్నీ చూడాల్సింది అతనే. పదకొండేళ్ళు ఇదే గేటు ముందు ఇదే ఆసుపత్రి నర్సుల్ని దింపిన మనిషిని పట్టుకుని, ఈయన ఎవరు, ఏ కంపెనీ అని స్క్రీన్ వైపు చూస్తూ అడుగుతుంటే నాకు ఒళ్ళు మండిపోయింది. అరిచాను. అరబ్బీ, ఇంగ్లీషు, తెలుగు కలిపి అరిచాను. ఎమర్జెన్సీ డాక్టరు ఆ అరుపులకే బయటికి వచ్చారు. పొట్ట ఒక్కసారి నొక్కి చూసి, కాగితాలు తర్వాత, లోపలికి తీసుకురండి అన్నారు.

లోపల నేను ఏం అడిగినా ఒకటే మాట. "గ్యాసమ్మా," అని కళ్ళు మూసుకున్నారు. అప్పుడు చీరాల నుంచి వచ్చిన మా మేల్ నర్సు నెహెమ్యాని పిలిచి, నేను తెర అవతలికి వెళ్ళాను.

"అన్నా, మగోళ్ళమే ఉన్నాం. నిజం చెప్పు. దొడ్డికెళ్ళి ఎన్నాళ్ళయింది?"

మంచం మీంచి లోగొంతుకతో వచ్చింది జవాబు.

"ఇరవై రెండు దినాలు."

"మరి విరేచనాలని మాత్రలు వేసుకున్నావంట?"

"అది ఉత్త నీళ్ళు సామీ. గట్టిది రాల్యా. నీళ్ళు కారి సీటు పాడైతాందని మాత్ర అడిగినా. సిస్టరమ్మలు కూకునే బండి గదా."

తెర అంచు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. బండి సీటు పాడవకుండా ఉండటానికి అడిగిన మాత్ర అది. ఇచ్చింది నేను. నా చేతుల్ని ఏం చేసుకోవాలో నాకు తెలియలేదు.

ఎక్స్‌రేలో పేగు బయట గాలి కనిపించింది. పేగుకు చిల్లు పడిందన్నమాట. ఆపరేషన్ నాలుగు గంటలు పట్టింది. లోపల గట్టిపడిన మలం గోడకు ఒరుసుకుని ఒరుసుకుని పుండు చేసి, ఆ పుండు కాస్తా చిల్లు పడిందని సర్జన్ చెప్పారు. చిల్లు పడ్డ ముక్క కోసేసి, పై పేగును ఎడమ పక్క పొట్ట మీదికి తెచ్చి మలం పడటానికి సంచి తగిలించారు. ఇంకో పూట ఆలస్యమైతే మనిషి దక్కేవాడు కాదన్నారు. మలబద్ధకానికి ఇంత పనుందా అని మా వార్డు అమ్మాయే ఒకతె నోరు తెరిచింది. ఆమెను కొట్టాలనిపించింది. వారం కిందటిదాకా నేనూ ఆమెనే.

బుధవారం నాటి మెడికల్‌కి బాషా గారు ఐసీయూలో ఉన్నారు. ఆ మరుసటి వారం ఆఫీసుకు వెళ్ళి అడిగాను. ఫైలు మూసేశామని చెప్పారు. పొట్టకు సంచి ఉన్న మనిషిని డ్రైవరుగా ఎలా తీసుకుంటాం సిస్టర్ అన్నారు. ఆ సంచి మళ్ళీ తీసేయొచ్చు, ఆరు నెలలాగితే ఇంకో ఆపరేషన్‌తో పేగు కలుపుతారు, ఆయన మళ్ళీ మామూలుగా నడుపుతారు అని చెప్పాను. ఆరు నెలలు ఏ ఇఖామా మీద ఉంటాడు అని అడిగారు. వ్యానుకు అప్పటికే వేరే కంపెనీ డ్రైవరు వచ్చేశాడు. మా వాళ్ళు రెండు రోజులు కళ్ళనీళ్ళు పెట్టుకుని, మూడో రోజు నుంచి కొత్తతను లేటు చేస్తున్నాడని విసుక్కోవడం మొదలుపెట్టారు.

ఎగ్జిట్ కాగితానికి ఏడు వారాలు పట్టింది. అన్నాళ్ళూ ఆయన కంపెనీ గదిలోనే ఉన్నారు. సంచి మార్చడం నెహెమ్యాయే నేర్పాడు. నన్ను దగ్గరకు రానివ్వలేదు. నేను గదిలోకి అడుగు పెడితే చాలు, దుప్పటి గడ్డం దాకా లాక్కునేవారు. బతికించాక కూడా నా దగ్గర సిగ్గేనా అని ఒకరోజు గట్టిగానే కసిరాను.

"మీరు దేవత లాంటోళ్ళమ్మా," అన్నారు.

ఆ మాటతో కోపం ఇంకా పెరిగింది. దేవతకు ఎవరూ కడుపునొప్పి చెప్పుకోరు.

ప్రయాణానికి రెండు రోజుల ముందు ఆయనే ఫోన్ చేశారు. ఇంటికెళ్ళాక సంచి మార్చాల్సింది భార్యే కాబట్టి ఆమెకు ఒకసారి చెప్పమన్నారు. వెళ్ళాను. వీడియో కాల్ కలిపి ఫోను నా చేతికిచ్చి, తను బయటికి వెళ్ళి గోడ వైపు తిరిగి నిలబడ్డారు. తెర మీద కొంగు కప్పుకున్న పెద్దావిడ, మహబూబ్బీ. నేను సంచి చూపించి చెప్పుకుపోయాను. చర్మం ఎలా తుడవాలి, సంచి అతికే అట్ట ఎంత కత్తిరించాలి, బయటికి తెచ్చిన పేగు ఏ రంగులో ఉంటే భయపడాలి, నీళ్ళు ఎన్ని తాగించాలి, ఆరు నెలలకు ఏ ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఆమె ఏ మాత్రం మొహం చిట్లించకుండా అన్నీ విన్నది. మధ్యలో రెండు తెలివైన ప్రశ్నలు కూడా అడిగింది.

చివర్లో నేనే ఉండబట్టలేక అడిగాను. "అక్కా, ఆయనకు ఈ బాధ ఉందని మీకు ముందే తెలుసా?"

"తెల్దా యేంది తల్లీ! పెండ్లయినకాడి నుంచి తెల్సు. దినామూ ఫోన్‌లో మొదటి మాట అదే గదా. పోయినావా, లేదా అని అడుగుతాంటి. పోల్యాదంటే డాక్టరు కాడికి పో అని తిడతాంటి. ఆ నెలంతా కొట్లాటే మాకు."

ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేననిపించింది.

"అక్కా, ఆయనకు మాత్ర ఇచ్చింది నేనే. ఇవ్వకూడని మాత్ర. దానివల్ల ఇంకా ముదిరింది."

కొంగు సర్దుకుంది. కోప్పడుతుందేమోనని చూశాను. కోప్పడి ఉంటే బాగుండేది.

"నువ్వేనామ్మా అది," అంది. "ఆ పొద్దు సెప్పినాడు. నర్సమ్మ మాత్ర ఇచ్చింది, ఇంగ డాక్టరు అక్కర్లేదు, నువ్వు ఊరికే అరవాకు అని. ఎంత సంతోసంగా సెప్పినాడో. సదువుకున్నోళ్ళు సూసుకుంటాండారు గదా అని, ఆ పొద్దు నుంచి నేనూ అడగడం ఇడ్సిపెట్టినా."